పెద్దనాన్న బొటనవేలికి పరీక్ష

మా పాండిసెల్వి అక్క విరుదునగర్‌లో కూచుని మీట నొక్కిందంటే, కోవిల్‌పట్టి బస్టాండులో నిలబడ్డవాళ్ల బొటనవేళ్లన్నీ ఒక్కసారిగా ఎగిరిపడతాయి. నమ్మనివాళ్లు చేతులు జేబుల్లో పెట్టుకుని తిరగండి.

అక్క మా పెద్దనాన్న పెరుమాళ్‌సామి కూతురు. మా నల్లరేగడి ఊళ్లో మొండితనం పంచినప్పుడు ముప్పాతిక ఆమే ఎత్తుకుపోయింది. నేను తొమ్మిదో తరగతిలోనే బడికి విముక్తి కలిగించాను. ఆమె మాత్రం చదివి చదివి, నరాల జబ్బులకు అయస్కాంతంతో వైద్యం చేయడం నేర్చి, ఇప్పుడు విరుదునగర్‌లో ఒక ఆసుపత్రిలో కొత్త పరిశోధకులకు అదే నేర్పుతోంది. కాయిల్ అనే పలకను తలకు ఆనించి మీట నొక్కితే టక్‌మంటుంది. సరైన చోట ఆనిస్తే బొటనవేలు తనంతట తానే ఎగురుతుంది. ఆ చోటు దొరికాకే పక్షవాతంతో చెయ్యి పడిపోయినవాళ్లకు వైద్యం మొదలు.

అక్క తయారుచేసిన మొదటి శిష్యురాలు ఆర్తి, ఎట్టయాపురం పక్క పిల్ల. నేను ఆసుపత్రికి వెళ్లిన రోజే ఆమెకు పరీక్ష. నెగ్గితే రోగులకు వైద్యం చేయొచ్చు. తప్పితే ఇంకో ఏడాది బొమ్మ తలలతోనే కాపురం. మదురై నుంచి వచ్చిన డాక్టరమ్మ పరీక్ష పెడుతోంది. అక్క నోరు విప్పకూడదని షరతు. పరీక్షకు తల ఇస్తానన్న మనిషి జ్వరమని రాలేదు. కూతురికి మినుములు ఇచ్చిపోదామని నాతో వచ్చిన పెద్దనాన్నే కుర్చీ ఎక్కాడు.

"తలలో ఇనుమేమన్నా ఉందా తాతా?" అనడిగింది ఆర్తి.

"తలలో ఏమీ లేదని మా ఇంట్లోది దినమూ చెప్తానే ఉందమ్మా."

వేలు ఏమాత్రం కదిలినా తెలియాలని దాని మీద అగ్గిపుల్ల పెట్టడం అక్క నేర్పిన పద్ధతి. ఆర్తి కాయిల్ ఆనించింది. టక్. పుల్ల కదల్లేదు. కొంచెం జరిపింది. టక్. ఊహూ. డాక్టరమ్మ గడియారం చూసింది. ఆర్తి నుదుటి మీద చెమట. పెద్దనాన్న ఆ చెమట వంక చూశాడు. టక్. పుల్ల ఎగిరి డాక్టరమ్మ ఒళ్లో పడింది!

నేను ఈల వేయబోయాను. ఆర్తి మాత్రం నవ్వలేదు. పుల్లను మళ్లీ పెట్టి, కాయిల్‌ను పక్కకు తిప్పి, ఉత్త అంచును తలకు ఆనించింది. అట్లా పట్టుకుంటే చప్పుడే గాని పని జరగదు. టక్. పుల్ల మళ్లీ ఎగిరింది.

"తాతా, ఇది మీరే ఆడిస్తా ఉండారు."

పెద్దనాన్న తల వంచుకున్నాడు. "ఆమా తల్లీ, నేనే. మన పిల్ల ఓడిపోతే పాపం కదా అని..."

"మీరు గెలిపిస్తే రేపు చెయ్యి పడిపోయినోళ్ల తలమీద తప్పు చోట పెడతా తాతా. చెయ్యి వదిలెయ్యండి. అది మీది కాదనుకోండి."

పెద్దనాన్న చేతిని తలగడ మీద వదిలేశాడు. ఆర్తి కాయిల్‌ను వేలెడు వెనక్కి జరిపి, కొంచెం వంచింది. టక్. పుల్ల ఎగిరింది. పెద్దనాన్న కుర్చీలో ఉలిక్కిపడ్డాడు.

"అయ్యయ్యో, ఇది నేను కాదు! సత్తియంగా నేను కాదు!"

గది గదంతా నవ్వింది. డాక్టరమ్మ ఇంకో నాలుగుసార్లు చేయించి చూసింది. ప్రతిసారీ పుల్ల ఎగిరింది, ప్రతిసారీ పెద్దనాన్న ప్రమాణం చేశాడు. "సోమవారం నుంచి వార్డుకు వచ్చెయ్" అంది ఆమె ఆర్తితో. అక్క అప్పుడు వదిలిన ఊపిరికి తిరుత్తంగల్ దాకా కాగితాలు ఎగిరాయి.

ఇదంతా రాసి అక్కకు చదివి వినిపించాను. ఆమె చివరిదాకా వినింది.

"విరుదునగర్‌లో నొక్కితే కోవిల్‌పట్టిలో ఏమీ లేవదురా. కాయిల్ తలకు ఆనాల. పుల్ల డాక్టరమ్మ ఒళ్లో పడలేదు, కింద పడింది. పాసయింది ఆర్తి. నేను సుమ్మా ఊరికే గోడకానుకుని నిలబడ్డా."