బావ తెమడ, బావమరిది ఉద్యోగం

ఈ సంగతిని కాగితం మీద పెట్టక తప్పదని కిందటి వారం గాజువాకలో ఒక పరీక్షా కేంద్రం స్నానాల గది తలుపు ముందు నిలబడి ఉండగా నిశ్చయించుకున్నాను. వయసు మళ్లినవాళ్లు పాత రోజులు తవ్విపోసుకోవడం నాకు మొదటినుంచీ గిట్టదు. అయినా కొన్ని పద్ధతులు ఎందుకు పుట్టాయో తెలిసినవాళ్లం ఒక్కొక్కరమే వెళ్లిపోతున్నాం. అవి ఎందుకు పుట్టాయో చెప్పకుండా పోవడం కూడా ఒక రకమైన అలసత్వమే అనిపించింది.

కొంతకాలంగా విడవని నా దగ్గుకు మా డాక్టరు తెమడ పరీక్ష రాశారు. ఆ కేంద్రంలో అద్దాల తలుపులు, చల్లగాలి యంత్రం, గోడ మీద టీవీ, అన్నీ ఉన్నాయి. గల్లా దగ్గర కూర్చున్న అమ్మాయి ఫోనులోంచి తల ఎత్తకుండానే ఒక ప్లాస్టిక్ డబ్బా నా చేతిలో పెట్టి, "అందులో ఉమ్మేసి ఇచ్చీండి తాతగారూ" అంది. ఎక్కడమ్మా అంటే స్నానాల గది వైపు గడ్డం ఎత్తి చూపింది. కిటికీ లేని గది అది. అప్పుడే ఒకాయన అందులోంచి కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. ఆ వెనుకే ఒక తల్లి తన పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. క్షయరోగి దగ్గినప్పుడు బయటికి వచ్చే సన్నని తుంపరలు నేల మీద పడిపోవు, గాలి కదలని గదిలో చాలాసేపు తేలుతూనే ఉంటాయి. ఇది పెద్ద పరిశోధన కాదు, మా రోజుల్లో మొదటి ఏడాది విద్యార్థికి మొదటి పాఠం. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఆమెను ఆ కుర్చీలో కూర్చోబెట్టి జీతమిస్తూ, ఈ ఒక్క ముక్క చెప్పాలని తోచని పెద్దమనుషుల మీద నా కోపం. నేను డబ్బా పట్టుకుని వీధిలోకి నడిచి, పక్కనున్న ఖాళీ స్థలంలో ఎండకు నిలబడి దగ్గాను. వెనక్కి వచ్చేసరికి నన్ను అందరూ మతి తప్పినవాణ్ణి చూసినట్టు చూశారు.

తొంభైల చివరిలో నేను ఆ చుట్టుపక్కలే ఒక ఆసుపత్రి ల్యాబుకు పెద్దగా ఉండేవాణ్ణి. మాది కృష్ణా జిల్లా. సూక్ష్మజీవశాస్త్రం చదువుకుని ఉద్యోగరీత్యా ఈ ఊరు చేరాను. మా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, పొద్దున తుడిచిన కిటికీ గడప మీద మధ్యాహ్నానికల్లా రేవు వైపునుంచి వచ్చిన నల్లటి పొడి పేరుకునేది, ఆరబెట్టిన గాజు పలకల మీద అది పడకుండా చూడడమే మాకు సగం పని. ల్యాబు వెనుక పైకప్పు లేని ఒక పెరడు ఉండేది. తెమడ ఇవ్వవలసిన ప్రతి మనిషినీ నేను అక్కడికే పంపేవాణ్ణి. ముందు మంచినీళ్లతో నోరు పుక్కిలించాలి, గుండెల నిండా గాలి పీల్చి నిలపాలి, పొట్ట అడుగునుంచి దగ్గాలి. గాలి నా వీపు మీదుగా వాళ్ల వైపు వీచేటట్టు చూసుకుని నేను దూరంగా నిలబడేవాణ్ణి. ఆడవాళ్లు సిగ్గుపడితే మా నర్సమ్మ గోడ పక్కకు తీసుకుపోయేది. ఉమ్మి నోటిది, తెమడ ఊపిరితిత్తులది. ఉమ్మిలో క్రిమిని వెతకడం వీధిలో నిలబడి ఇంట్లో మనిషిని వెతకడం వంటిదని నేను రోజూ చెప్పేవాణ్ణి, రోజూ కసిరేవాణ్ణి. నన్ను చాటున ఏమని పిలిచేవారో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

ఆ పరీక్ష చేసే తీరులో ఒక అందం ఉండేది. తెమడను గాజు పలక మీద పలచగా పరిచి, ఎర్రరంగు పోసి, ఆవిరి లేచేదాకా అడుగున మంట చూపి, ఆ తర్వాత ఆమ్లంతో కడిగితే మిగతా క్రిములన్నీ రంగు వదిలేస్తాయి. క్షయ క్రిమికి ఒంటి మీద మైనం వంటి పూత ఉంటుంది కనుక అది మాత్రం పట్టిన రంగును విడవదు. ఆ పైన నీలం అద్ది సూక్ష్మదర్శిని కింద పెడితే, నీలి నేల మీద సన్నని ఎర్రని పుల్లలు విడివిడిగా, ఒక్కోచోట గుంపులుగా కనిపిస్తాయి. ఆ ఎరుపు చూసినప్పుడల్లా నా వీపు నిటారయ్యేది. అది ఒక మనిషి తలరాత అని మరిచిపోయి చూసిన రోజు ఒక్కటీ లేదు.

ఆ రోజుల్లో ఆటోనగర్‌లో ఇనుప సామాను అతికే ఒక షెడ్డునుంచి ఒక వెల్డరు వచ్చాడు. సముద్రపొడ్డున చేపలు పట్టే కుటుంబంలో పుట్టి, వల వదిలి వెల్డింగు టార్చి పట్టినవాడు. అక్కా బావల ఇంట్లో ఉండి పనికి వెళ్లేవాడు; బావ మాత్రం ఇంకా పడవ మీద వేటకే వెళ్లేవాడు. అతనికి దగ్గు తగ్గడం లేదు. దగ్గేవాళ్లు టి.బి. లేదని ఆసుపత్రి చీటీ తెస్తేనే గేటు లోపలికి రానిస్తానని షెడ్డు కాంట్రాక్టరు కచ్చితంగా చెప్పేశాడట. ఉన్నదని తేలితే వైద్యం చేయిస్తానని గాని, నయమయ్యాక తిరిగి తీసుకుంటానని గాని అన్నాడా అంటే, లేదు. ఇటువంటి షరతు పెట్టినవాడు రోగాన్ని అరికడుతున్నానని అనుకుంటాడు. నిజానికి రోగాన్ని దాచుకోవడం నేర్పుతున్నాడు.

ఆ వెల్డరు మొదటి రోజు పెరట్లో ఎంత దగ్గినా డబ్బాలో నురగ తప్ప ఏమీ పడలేదు. ఇది ఉమ్మి, పనికిరాదన్నాను.

"ఇంకేటొత్తాది సార్? ఇంకా దగ్గితే పేనమొచ్చెత్తాది" అన్నాడు.

మర్నాడు తెల్లవారి నిద్రలేవగానే ఇంటి దగ్గర ఆరుబయట తీసి తెమ్మని మరో డబ్బా ఇచ్చాను. తెచ్చాడు. అంత మంచి నమూనా నేను ఆ నెలలో చూడలేదు. చిక్కగా, పచ్చగా, ఎలా ఉండాలో అలా ఉంది. నేను దాన్ని వెలుతురుకు ఎత్తి వరుసలో ఉన్నవాళ్లందరికీ చూపించి, తెమడ అంటే ఇదీ, ఈ అబ్బాయిని చూసి నేర్చుకోండి అన్నాను. వరుసలో ఒక ముసలమ్మ బుగ్గన వేలేసుకుని, "ఓలమ్మో, కఫానికి కూడా బగుమానాలిత్తారేటే!" అంది. అందరూ నవ్వారు. ఆ అబ్బాయి మాత్రం తల దించుకున్నాడు. నేను దాన్ని వినయం అనుకున్నాను.

పలక నిండా ఎర్రని పుల్లలే. ఫలితం రాసి పంపించాను. ఇక్కడ జరిగినదాన్ని నేను ఇన్నేళ్ల తర్వాత కూడా క్షమించలేదు. కాంట్రాక్టరు మనిషి ఒకడు ఆసుపత్రి కిటికీ దగ్గరికి వచ్చి మా వాడికి ఏం తేలిందని అడిగితే, అక్కడి గుమాస్తా, వాడెవడో ఏమిటో కనుక్కోకుండా, టి.బి. అని చెప్పేశాడు. రోగి ఫలితం రోగిది. అది అతని ఒంటిలోంచి వచ్చింది, దాని మీద మొదటి హక్కు అతనిది. రోగికి తెలియక ముందే యజమానికి తెలిసిందంటే అక్కడ ఆసుపత్రి లేదు, సంత ఉంది. ఆ గుమాస్తాను నేను ఏమన్నానో నలుగురూ విన్నారు, దానికి నేను విచారించలేదు.

మర్నాడు ఆ వెల్డరు అక్కను వెంటబెట్టుకుని ఊగిపోతూ వచ్చాడు. గేటు దగ్గరే ఆపేసి, అతని టిఫిను గిన్నె, చొక్కా బయట పడేశారట. ల్యాబు ముందు నిండా జనం ఉండగా గొంతెత్తి, "నాది కాదు సార్! అది నాది కాదు! మా బావది!" అన్నాడు.

వెనకనున్న అక్క అతని భుజం పట్టుకుని తనవైపు తిప్పింది. "ఏటన్నావురా? ఎవరిదన్నావు?"

"నువ్వే గదప్పా అన్నావు, బావ ఎద్దులాగుంతాడు, ఆడికేటీ రాదని. తెల్లారి లెగిసి సుట్ట ముట్టించి దోసెడు కఫం కక్కుతాడు గదా, అదే అడిగి పట్టుకొచ్చీసేను. నాకుందేమోనని బయిం! నాదిత్తే ఉన్నదని రాసెత్తారని..."

ఆమె ఇంకేమీ వినలేదు. ఉన్నచోటనే నేల మీద కూలబడి, "అది సుట్ట దగ్గనుకున్నాన్రా నాను" అంది. అంతవరకూ గొడవ ఏమిటో చూద్దామని మూగినవాళ్లు కూడా మెల్లగా పక్కకు తప్పుకున్నారు. తన ఉద్యోగం పోయిందని అరుస్తూ వచ్చినవాడు అప్పటికిగాని తానేం చెప్పాడో గ్రహించలేదు. అక్క పక్కన గొంతుక్కూర్చుని, తమ్ముడిలాగ కాక చిన్నపిల్లవాడిలాగ ఆమె కొంగు పట్టుకున్నాడు.

బావను పిలిపించాను. నిజంగానే భారీ మనిషి, కండలు తిరిగిన భుజాలు, గొంతులో మాత్రం గరగర. పెరట్లో నిలబడి నేను చెప్పకుండానే డబ్బా నింపి ఇచ్చి, "నా కఫానికింత గిరాకీ ఉందని తెల్దు బాబూ" అని నవ్వాడు. మళ్లీ అవే ఎర్రని పుల్లలు. బావమరిది చేత ఈసారి నా కళ్లముందే తెమడ తీయించి, ఎన్నిసార్లు చూసినా ఒక్కటీ కనబడలేదు. ఛాతీ ఫొటో చూసి డాక్టరు, ఇది రోగం కాదు, మూసిన షెడ్డులో ఇనుపపొడీ పొగా పీల్చిన దగ్గు అన్నారు. ఇంట్లో అక్కనూ పిల్లలనూ పరీక్షించాం, ఎవరికీ అంటలేదు. బావ అన్నీ విని బావమరిది వీపు మీద ఒక్కటి చరిచి, "నీ అబద్దం నాకు పేనమిచ్చింది, నా కఫం నీ కూడు తీసింది. నాకే లాబమొచ్చింది గదరా బావా!" అన్నాడు. వాళ్లిద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అబద్ధమాడినందుకు ఆ కుర్రవాణ్ణి తిట్టవలసినవాణ్ణి నేనే. తిట్టాను కూడా. కాని నిజం చెప్పినవాడికి గేటు మూసే చోట అబద్ధం ఎవరు పుట్టించారో నాకు తెలుసు కనుక, క్రిమి లేదన్న కొత్త ఫలితాన్ని అతని అనుమతితోనే జేబులో పెట్టుకుని, షేర్ ఆటో ఎక్కి ఆటోనగర్ వెళ్లాను. నా ఉద్యోగంలో రోగి తరఫున ఒకరి గడప ఎక్కడం అదే మొదలు. ఆ షెడ్డులో కిటికీలన్నీ మూసి ఉన్నాయి, లోపల నీలి పొగ కమ్మి ఉంది. కాంట్రాక్టరు నా మాటతీరు పట్టి మా జిల్లా కనిపెట్టి కుర్చీ వేయించాడు.

"మనవైపు వారు, మీ మాట కాదంటానా మాస్టారూ? కాని కుర్రాళ్లు వాడి పక్కన నిలబడం అంటున్నారండి. కాగితంలో లేకపోతే మాత్రం, ఇంట్లో వాళ్ల బావకు ఉందిగా? మీ ల్యాబు ముందు వాడే అరిచాడటగా? అంత నమ్మకంగా ఉంటే మీ ల్యాబులోనే పెట్టుకోండి."

క్షయ అనేది చూపుతోనో, పేరుతోనో, చుట్టరికంతోనో అంటదని, మందు మొదలుపెట్టిన రోగి కొన్ని వారాల్లో ఇతరులకు అంటించడం మానేస్తాడని, అసలు ఈ షెడ్డుకు కావలసినది చీటీ కాదు కిటికీ అని, నాకు తెలిసిన శాస్త్రమంతా నిలబడే చెప్పాను. అతను మర్యాదగా విన్నాడు. మర్యాదగానే కాఫీ తెప్పించాడు. పని మాత్రం ఇవ్వలేదు. ఆ కాఫీ తాగకుండా వచ్చేశాను.

ఆ తర్వాత జరిగింది నేను ఊహించలేదు. మందు మొదలుపెట్టిన తొలి నెలల్లో బావ పడవ ఎక్కలేకపోయాడు. అతని చోటు ఖాళీగా ఉంటే ఇంట్లో పొయ్యి వెలగదు. బావ తెమడను తనదని ఇచ్చినవాడు, ఇప్పుడు బావ వంతు పనిని తనదని చేశాడు. వదిలేసిన వల మళ్లీ పట్టాడు. సముద్రపు గాలికి అతని దగ్గు తగ్గిపోయింది. బావ దగ్గర కూర్చుని మందు మింగించే బాధ్యతా తనే తీసుకున్నాడు. ఒంట్లో కాస్త బాగవగానే బావ ఆసుపత్రి మానేయబోతే రెక్క పట్టి తీసుకొచ్చాడు. "దగ్గు నేదు, ఆకలేత్తంది, ఇంకా మందేటి?" అని బావ గొణిగితే, ముందు చచ్చేవి బలహీనమైన క్రిములని, మొండివి మిగిలి మళ్లీ తిరగబడితే ఈ మందుకు లొంగవని నేను మందలించేవాణ్ణి. అంతకంటే బావమరిది మాటే బాగా పనిచేసేది. "మింగు బావా. నీ వల్ల నా పని పోయింది, ఊరికే పోనిత్తానేటి?" అనేవాడు. బావ మింగేవాడు. పూర్తిగా నయమైంది.

అందరూ మంచే జరిగిందన్నారు. మా ఆవిడ కూడా అంది. నాకు మాత్రం ఆ మాట ఇప్పటికీ ఒంటికి కారం రాసినట్టే ఉంటుంది. అతను ఎంత మంచి వెల్డరో నాకు తెలుసు. బావకు మందులు ముగిసిన రోజున, ఎవరి దగ్గరో టార్చి అడిగి, గాజు పలకలకు రంగులు వేసుకోవడానికి రెండు ఇనుప కడ్డీలతో నాకొక స్టాండు చేసి తెచ్చాడు. ఆ కడ్డీలు ఎంత సరిగ్గా అమిరాయంటే, నేను ఉద్యోగం విరమించేదాకా వాటి మీద ఒక్క పలక ఒరగలేదు. ఇష్టపడి నేర్చిన విద్యనుంచి, లేని రోగం పేరు చెప్పి మనిషిని గెంటేసి, సముద్రం ఉంది కదా అని సరిపెట్టుకోమనడం న్యాయం కాదు. సముద్రం అతనికి తిండి పెట్టింది. అది దాని గొప్ప, మనది కాదు.

ఇప్పుడు ఆ పరీక్షకు యంత్రాలు వచ్చాయట. పలకా మంటా లేకుండానే క్రిమి జాడను, మందుకు లొంగుతుందో లేదో కూడా చెబుతున్నాయట. చాలా సంతోషం. కాని ఆ యంత్రం డబ్బాలో ఉన్నది ఎవరి తెమడో అడగదు, పరాయిది ఎందుకు తెచ్చావనీ అడగదు. మా పెరడు స్థానంలో కిటికీ లేని స్నానాల గది వచ్చింది. నా స్టాండు ఏ మూలన తుప్పు పడుతోందో నాకు తెలియదు.

నేను చదువు ముగించి చాలాకాలమైంది. శాస్త్రం నన్ను దాటి ముందుకు పోయి ఉంటుంది. పైన రాసినదానిలో క్రిమి గురించి గాని, మందు గురించి గాని పొరపాట్లుంటే తెలిసిన పాఠకులు మొగమాటపడకుండా దిద్దవలసిందని మనవి. ఇంకొక్కటి. ఈనాడు ఆటోనగర్‌లో దగ్గుతున్న మనిషి తన డబ్బాలో తన తెమడనే, భయం లేకుండా, తెచ్చి ఇస్తున్నాడని మీలో ఎవరికైనా నిశ్చయంగా తెలిస్తే, తేవడం లేదేమోనన్న నా అనుమానాన్నే, దయచేసి, నా తప్పులన్నిటికంటే ముందు దిద్దండి.