డాక్టరుకి నేను మార్చి చెప్పిన మాట

ఇన్నేళ్ళుగా ఒక మనిషి దగ్గు నా చెవుల్లోంచి పోవడం లేదు. నా భార్యకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

ఫరీదాబాద్‌లో ఒక మెషిన్ షాపుకి నేను ప్రొడక్షన్ మేనేజర్ని. ఇనుము కోసేటప్పుడు వేడెక్కకుండా పాలలాంటి కూలెంట్ పోస్తూనే ఉండాలి. పాడైతే పారబోసి కొత్తది కలిపేవాళ్ళం. ఆ పాతదాన్నే వడకట్టి, తేలిన నూనె తీసేసి మళ్ళీ వాడదామన్నది నా ఆలోచనే. మంచి ఆలోచనే. ఖర్చు బాగా తగ్గింది, యజమాని అందరి ముందూ నా భుజం తట్టాడు. అక్కడితో ఆగానా? అలా తిరగవాడే కూలెంట్‌లో క్రిములు చేరకుండా తరచూ పరీక్ష చేయించాలి, మందు కలపాలి, ట్యాంకులు కడగాలి. ఇంకా మిగల్చాలన్న యావలో ఒక్కొక్కటే మానేశాను. సెలవు తర్వాత షాపు తెరిస్తే కుళ్ళిన గుడ్ల కంపు కొట్టేది. కంపు తెలియకుండా సెంటు కలిపించాను.

అప్పారావుది విజయనగరం వైపు. ఉద్యోగం ఇప్పించి రప్పించింది నేనే. హిందీ సరిగా రాదు. కూలెంట్ తుంపర్లు మంచులా లేచే మెషిన్ అతనిది. కొన్నాళ్ళకి దగ్గు పట్టుకుంది. సాయంత్రమైతే జ్వరం, ఆయాసం. మాట సాయంగా నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

పనికి వెళ్ళని రోజుల్లో తగ్గుతుందా అని డాక్టరు హిందీలో అడిగాడు. నేను తెలుగులో అడిగాను.

"ఊరెల్తే సుబ్బరంగా తగ్గిపోద్ది సార్. మల్లీ మెషిన్ కాడికొస్తే మొదలు," అన్నాడు అప్పారావు.

ఆ క్షణంలోనే నాకు అంతా అర్థమైంది. లేదని ఇప్పుడు బుకాయించలేను.

"తేడా ఏమీ లేదట," అన్నాను డాక్టరుతో. "ఇంట్లో పాత కూలర్ ఉంది. దాని గడ్డికి బూజు పట్టింది."

ఎందుకలా అన్నాను? ఉద్యోగం పోతుందన్న భయమా, లేక అందరూ మెచ్చుకున్న నా తెలివి ఒక మనిషి ఛాతీలో కుళ్ళుతోందని ఒప్పుకోలేకపోయానా?

ఆ బూజు వల్లే దగ్గని, కూలర్ తీసేయమని డాక్టరు అన్నాడు. నేనా మాట చెప్పగానే అప్పారావు కూలర్ పారేశాడు. వడగాలులు వీచే రోజులు. రేకుల గదిలో అతనూ భార్య లక్ష్మీ ఉడికిపోయారు. నన్ను నమ్మి.

ఉన్నట్టుండి ట్యాంకులు కడిగిస్తే యజమాని కారణం అడుగుతాడని ఊరుకున్నాను. మరికొందరు దగ్గడం మొదలుపెట్టాక కడిగించాను. వాళ్ళకి తగ్గింది. అప్పారావు ఊపిరితిత్తులు అప్పటికే గట్టిపడిపోయాయి.

అతన్ని ఊరికి రైలెక్కించింది కూడా నేనే. అక్కడే పోయాడు. లక్ష్మి ఫోన్ చేసి, దగ్గరుండి ఆసుపత్రికి తిప్పానని, ఆయన ఆఖరిదాకా నన్నే తలుచుకున్నాడని ఏడ్చింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? ధైర్యంగా ఉండమ్మా అని ఫోన్ పెట్టేశాను.

లక్ష్మికి చెప్పగలనన్న నమ్మకం ఇప్పటికీ లేదు. మీరు నన్ను క్షమించకండి, ఆ హక్కు ఆమెదే.

అప్పారావు నిజమే చెప్పాడు. ఆ నిజం డాక్టరుకి చేరకుండా చేసింది నేను. ఈ రెండు వాక్యాలూ రాశాక నాకు కాస్త ఊపిరాడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.