కుప్పం గుండుమల్లె, పుంగనూరు గొర్రెలు

మా అనంతపురంలో పూలమొక్క పెంచడమంటే మొండిపిల్లకు అన్నం తినిపించడమే. పైన ఎండ, జానెడు తవ్వితే రాయి, నాలుగు రోజులకోసారి వచ్చే కుళాయి. అయినా మా పెరట్లో నూరువరహాలు, బిళ్ళగన్నేరు, కనకాంబరం పూస్తూనే ఉంటాయి. పూయనిది గుండుమల్లె ఒక్కటే. అది మా సరళక్క పెట్టిన చెట్టు. బావగారి ఉద్యోగం కుప్పంలో ఉన్నప్పుడు, 1994లో, తాను అద్దెకున్న ఇంటి వాకిట్లోని మల్లె నుంచి కొమ్మ తెచ్చి తన చేత్తోనే నాటింది. ఏటా డిసెంబరులో వచ్చి మా ఇంట్లో పది రోజులుండేది. ఆమె పోయి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో ఆ చెట్టు ఒక్క పువ్వూ పూయలేదు. బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు, చివరికి తాగే నీళ్ళు కూడా రోజూ దానికే పోశాను. పచ్చగా గుబురుగా పెరిగింది, అంతే. "ఆకుకూర పెంచుతున్నావా?" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. చివరికి, వచ్చే వేసవికీ పూయకపోతే తీసేద్దాం, ఆ నీళ్ళతో కరివేపాకైనా బతుకుతుంది అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ నేను ఆ పూట కంచం ముందు నుంచి లేచిపోయాను. కుప్పం వెళ్ళి తల్లిచెట్టు నుంచి ఇంకో కొమ్మ తెచ్చుకుందామని 2006 డిసెంబరు చివర్లో ఒక్కదాన్నే బయల్దేరాను.

అనంతపురం నుంచి కదిరి మీదుగా మదనపల్లెకు ఎక్స్‌ప్రెస్ బస్సులో నాలుగున్నర గంటలు, ఛార్జీ ఎనభై లోపే. అంగళ్లు దాటాక గాలి చల్లబడింది, నాకు ప్రాణం లేచొచ్చింది. బస్టాండు దగ్గరే లాడ్జిలో దిగాను. పొద్దున ఆరింటికి బస్టాండులో ఇడ్లీ తిని, పూలమ్మే ఆవిడను మల్లెలున్నాయా అని అడిగాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఈ చలిలో మల్లె యాడిదమ్మా? చామంతి తీసుకో. మల్లె సంగతి కావాలంటే పుంగనూరు పక్కన మా చిన్నమ్మ రెడ్డెమ్మ తోట ఉండాది, పోయి సూడు" అంది. కుప్పానికి ఎలాగూ పుంగనూరు మీదుగానే వెళ్ళాలి కాబట్టి మధ్యలో దిగుదామనుకున్నాను.

పుంగనూరు గంట ప్రయాణం, పద్నాలుగు రూపాయలు. దిగగానే ఆటో అతను, "పొట్టి ఆవుల్ని సూడనీకి వచ్చినారా మేడమ్?" అన్నాడు. కాదు, పూలతోట చూడాలి అంటే అతనికి నామీద జాలి కలిగినట్టుంది. "పూలకు అంత దూరం యాల మేడమ్? ఈడే మూరల లెక్కన అమ్ముతాండారు కదా!" అన్నాడు. రానూపోనూ అరవైకి ఒప్పుకున్నాడు. దారంతా ఎండిన వేరుశనగ చేలు, నీళ్ళు లేని చెరువు, అక్కడక్కడా టమోటా. ఇంత ఎండిన నేలలో మల్లెతోట ఏముంటుందిలే అనుకుంటూ దిగాను. తోటైతే ఉంది. ముప్పై గొర్రెలు మల్లెపొదల్లో దూరి ఆకులన్నీ కరకరా మేసేస్తున్నాయి. గట్టు మీద ఒక పెద్దావిడ కాళ్ళు చాపుకుని కూర్చుంది. నేను "గొర్రెలు పడ్డాయి, గొర్రెలు పడ్డాయి!" అని అరుస్తూ చున్నీ ఊపుకుంటూ తోటలోకి పరిగెత్తాను. గొర్రెలు బెదిరిపోయాయి. ఆవిడ లేచింది.

"యాలమ్మా అట్ల అరస్తా ఉండావు? ఆటిని నేనే పిలిపించినా. ఆ గొర్రెలాయప్పను బతిమాలి తోలుకొస్తే నువ్వు తరిమేస్తాండావే!" అంది. ఆవిడే రెడ్డెమ్మ. ఆటో అతను కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

కోపం తగ్గాక ఆవిడే సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టి కూర్చోబెట్టింది. నా చెట్టు కథంతా విని, "రోజూ నీళ్ళు పోస్తాండావా?" అని అడిగింది. అవునన్నాను గర్వంగా. "ఇంగ అది పువ్వు యాల పూస్తాది? సుఖంగా ఉండాది కదా! సలికాలంలో ఇరవై దినాలు నీళ్ళు ఆపాల. ఆకు పోవాల. ఆమీద మోకాలెత్తుకు కొమ్మలు కత్తిరించి, మొదలు తవ్వి ఎరువేసి, అప్పుడు పొయ్యాల నీళ్ళు. మాకు గొర్రెలుండాయి, ఆకూ తింటాయి, ఎరువూ ఏస్తాయి. నీది ఒక సెట్టే కదా, సేత్తో దూసెయ్యి. కొమ్మలు మాత్రం పారెయ్యొద్దు, నాటుకో."

చేత్తో దూసెయ్యి అన్న మాట వినగానే నాకు అక్క గుర్తొచ్చింది. డిసెంబరులో మా ఇంటికి వచ్చినప్పుడల్లా అక్క పెరట్లో పీట వేసుకుని, నాతో కబుర్లు చెబుతూ ఆ మల్లె ఆకులు దూస్తూ ఉండేది. "ఎందుకే దాన్ని పీకుతావ్, చేతులు ఊరుకోవా?" అని నేను విసుక్కునేదాన్ని. ఆమె నవ్వేది తప్ప ఇందుకని ఎప్పుడూ చెప్పలేదు. చెప్పినా నేను వినేదాన్నో లేదో. రెడ్డెమ్మ ముందే ఏడ్చేశాను. ఆవిడ ఇంకాస్త సంగటి పెట్టింది.

పదకొండింటికి పుంగనూరు నుంచి పలమనేరు, అక్కడ బస్సు మారి కుప్పం. రెండున్నరకు చేరాను. అక్క ఉన్న వీధి గుర్తుపట్టాను గానీ ఇల్లు కనబడలేదు. ఆ స్థలంలో రెండంతస్తుల మేడ లేచింది, వాకిలంతా సిమెంటు. ఆ ఇంటావిడ గేటు తీసి, "ఆ మల్లెసెట్టా అక్కా? పునాదులప్పుడే తీసేసినారు. పక్కవాళ్ళు కూడా కొమ్మ పెట్టుకోలేదు" అని బాధగా చెప్పి మంచినీళ్ళిచ్చింది. అంటే అక్క చెట్టు భూమ్మీద ఇక మా పెరట్లో మాత్రమే ఉంది. దాన్నే నేను ఎండగట్టి, ఆకు దూసి, నరకాలి. సాయంత్రం రైలెక్కి, బెంగళూరు మీదుగా ఇల్లు చేరేదాకా నాకు అదే భయం.

ఇంటికొచ్చి నీళ్ళు ఆపేశాను. ఇరవై రోజులు పెరటి తలుపు తీయడానికే మనసొప్పలేదు. తర్వాత అక్క పీట వేసుకుని ఆకంతా దూశాను, కొమ్మలు కత్తిరించి, మొదట్లో ఎరువేసి మళ్ళీ నీళ్ళు మొదలుపెట్టాను. మిగిలిన పుల్లల్ని చూసి మా ఆయనే కత్తిరించిన కొమ్మల్ని ఏరి పాలడబ్బాల్లో గుచ్చాడు. ఫిబ్రవరిలో ఎర్రటి చిగుళ్ళు వచ్చాయి. మార్చి రెండో వారంలో ఒక పొద్దున, పళ్ళు తోముకుంటూ పెరట్లోకి వెళ్ళిన ఆయనే "ఇలా రా, ఇలా రా" అని కేకేశాడు. పదకొండు మొగ్గలు. ఇద్దరం రెండుసార్లు లెక్కపెట్టాం.

మూడేళ్ళు ప్రేమ అనుకుని నేను చేసిందంతా ఆ చెట్టును పూయనివ్వకపోవడమే. అక్క ఉన్నన్నాళ్ళూ ఆ చెట్టు తనంతట తానే పూస్తోందనుకున్నాను. ఇప్పుడు డిసెంబరు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను. మీరూ రెడ్డెమ్మ తోట వైపు వెళ్ళాలనుకుంటే డిసెంబరు చివరి వారంలో, మదనపల్లెలో మొదటి బస్సు పట్టుకుని వెళ్ళండి, గొర్రెలు తోటలో ఉండగానే చేరుకోవచ్చు. కొమ్మలు తెచ్చుకోవడానికి ఒక తడి గోనెసంచి తీసుకెళ్ళండి. నేను కత్తిరించిన కొమ్మల్లో ఐదు పాలడబ్బాల్లో వేరు పట్టాయి. ఒకటి రెడ్డెమ్మకు. మీలో ఎవరైనా అనంతపురం మీదుగా కుప్పం వెళ్తుంటే చెప్పండి, ఇంకో డబ్బా మీ చేతికిస్తాను. కొమ్మ పంపుతానని నేను కార్డు రాస్తే, ఆ మేడ ఇంటావిడ గేటు పక్కన అడుగు మేర సిమెంటు పగలగొట్టించి ఉంచిందట.