గిర్నీ ముందు ఆగిన జీపు

నాకు క్షయ వచ్చి తగ్గింది. ఎమ్మే చదివినా, ఏళ్ల తరబడి హైస్కూల్లో తెలుగు చెప్పినా నన్ను ఏ మండలిలోకీ ఎవరూ పిలవలేదు. దగ్గి దగ్గి నెత్తురు పడ్డాక మాత్రం పిలిచారు. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. ఖమ్మం జిల్లా అడవి అంచు మండలాల్లోని క్షయ రోగుల వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి పరిశోధన చేస్తామంటూ హైదరాబాద్ నుంచి కొందరు పెద్దమనుషులు దిగారు. జబ్బు ఎవరికి వచ్చింది, మందులు సగంలో ఎందుకు ఆపారు, మళ్లీ ఎందుకు తిరగబెట్టింది, ఇవన్నీ తెలిస్తే దాన్ని అదుపు చేయవచ్చన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. ఆ వివరాల్లో ఏది వాడాలో, ఏది బయటపెట్టకూడదో చెప్పడానికి ఒక సలహా మండలి ఉండాలట. అందులో నిపుణులతో పాటు రోగుల ప్రతినిధులూ ఉండాలట. అలా నేను ప్రతినిధినయ్యాను.

మండలి కొత్తగూడెంలో ఒక లాడ్జి పైఅంతస్తులో, ఏసీ గదిలో కూర్చునేది. అధ్యక్షుడు ఒక పెద్ద డాక్టరు. ఊపిరితిత్తుల గురించి ఆయనకు తెలియనిది లేదు. అవి మనుషుల లోపల ఉంటాయన్న సంగతి మాత్రం మధ్యమధ్యలో మరిచిపోయేవాడు. ఆయన పక్కన కంప్యూటర్ నిపుణుడు. తెర మీద రంగురంగుల గీతలు వేసి, వాటికేసి తనే మురిసిపోయి చూసుకునే మనిషి. ఇటువైపు రోగుల తరఫున నేనూ, ఒక మండల నాయకుడూ. ఆ నాయకుడికి క్షయ ఎన్నడూ రాలేదు. ఆయనకున్నది షుగరు. ఏదో ఒక రోగం ఉంది కదా అని వేసేశారు. వెళ్లగానే మా భుజాల మీద శాలువాలు కప్పేవారు, మధ్యాహ్నం బిర్యానీ పెట్టేవారు. నాయకుడు బిర్యానీ దాకా నోరు విప్పేవాడు కాదు. తిన్నాక కుర్చీలోనే ఓ కునుకు తీసి, లేచి, అంతా మంచిగనే ఉన్నదని చెప్పి వెళ్లిపోయేవాడు. ఆ మాటను కూడా రోగుల అభిప్రాయమని రాసుకునేవారు.

మా స్కూలున్న ఊరు చండ్రుగొండ దాటి అడవిలోకి పోయే రోడ్డు మీద ఉంది. ఊళ్లో పిండి మర ఒక్కటే. మా వైపు దాన్ని గిర్నీ అంటాం. భర్త పోయాక దాన్ని ఒక ముస్లిం ఆమె నడిపేది. చుట్టుపక్కల గూడేల నుంచి జొన్నలు, పసుపు కొమ్ములు, మిరపకాయలు అన్నీ అక్కడికే వచ్చేవి. చిన్నా పెద్దా అందరికీ ఆమె గిర్నీ ఆపా, అంటే గిర్నీ అక్క. నాకూ ఆమెకూ ఒకే ఏడాది జబ్బు చేసింది. క్షయ మాత్రలు ఇంటికివ్వరు. సర్కారు దవాఖానాలో నర్సు చూస్తుండగా మింగాలి. జనం రాకముందే, పొద్దున్నే, వెనక తలుపు దగ్గర ఇద్దరం కలిసేవాళ్లం. ఎవరైనా ఎదురుపడితే నర్సుకు కారప్పొడి ఇవ్వడానికి వచ్చానని ఆమె చెప్పేది. నిజంగానే కొంగు చాటున ఒక పొట్లం ఉండేది.

నాది సర్కారు కొలువు. స్టాఫ్ రూములో నా గ్లాసు వేరుగా పెట్టారు, నా కుర్చీని కిటికీ దగ్గరికి జరిపారు, అంతే. జీతం ఆగలేదు. ఆమె సంగతి అలా కాదు. పిండి పట్టే మనిషికి టీబీ అని తెలిస్తే గిర్నీకి ఒక్క సంచి రాదు. ఆ గిర్నీ మీదే ఆమే, మంచంలో ఉన్న ముసలి అత్తా బతకాలి. మిరప ఘాటుకు గిర్నీలో నిలబడ్డ ప్రతివాళ్లూ దగ్గుతారు కాబట్టి ఆమె దగ్గును ఎవరూ పట్టించుకోలేదు. మందులు పూర్తయ్యాయి, నయమైంది, ఊరికి తెలియలేదు. గండం గడిచిందని ఇద్దరం అనుకున్నాం.

తర్వాత జరిగిన ఒక సమావేశంలో మా ముందు ఒక చిన్న పుస్తకం పెట్టారు. పరిశోధనలో దొరికిన రోగుల కథలను ఊరూరా పంచడానికి వేస్తున్నారట. ఇంకా అచ్చుకు వెళ్లలేదు. పేర్లన్నీ తీసేశామని, ఇక ఏ రోగినీ ఎవరూ గుర్తుపట్టలేరని కంప్యూటర్ నిపుణుడు ఛాతీ విరుచుకుని చెప్పాడు. నేను పేజీలు తిప్పాను. ఒకచోట చండ్రుగొండ ప్రాంతం అని ఉంది. నలభై దాటిన ముస్లిం మహిళ అని ఉంది. భర్త మరణించాడు, పిండి మర నడుపుతుంది అని కూడా ఉంది. ఇంక ఇంటికి దారి గీసి ఇవ్వడమొక్కటే తక్కువ.

ఈమె ఎవరో ఊళ్లో పసిపిల్లలు కూడా చెబుతారని అన్నాను. పేరు లేదు కదండీ అని ఆయన నా మీద జాలిపడ్డాడు. మా దగ్గర పేర్లతో ఎవరికి పని? సోడాల ఆయన, పోస్టు సారు, బావి కాడి ముసలమ్మ, ఇలాగే పిలుస్తాం. పేరు రేషన్ కార్డు కోసం, ఓటు కోసం. నెలల తరబడి పక్కన నిలబడి మందులు మింగిన నాకే ఆమె పేరు తెలియదు. ఈ మహానుభావులు ఎవరికీ అక్కర్లేని పేరు తీసేసి, అందరూ పిలిచే గిర్నీని జాగ్రత్తగా ఉంచారు. ఇదంతా విడమరిచి చెప్పాను. అర్థమైనట్టు తలలూపారు. వాళ్లకు తల ఊపడం బాగా వచ్చు.

ఆ పేజీ తీసెయ్యమన్నాను. ఉంచే తీరాలనుకుంటే ముందు ఆమెను అడగమన్నాను. అదీ దవాఖానాలో, ఎవరూ లేనప్పుడు, నర్సు చేత అడిగించమన్నాను. చాలా విలువైన సూచన అని డాక్టరు మెచ్చుకున్నాడు. విలువైన సూచనలు మా మండలిలో ఏ గతి పడతాయో అప్పటికి నాకు తెలియదు.

కొన్నాళ్లకు, మధ్యాహ్నం గంట కొట్టక ముందే, స్కూలు వరండాలో నుంచి చూస్తే గిర్నీ ముందు తెల్ల జీపు ఆగి ఉంది. తలుపు మీద క్షయ పరిశోధన పథకం అని జీపంత అక్షరాలు. క్లాసు వదిలేసి పరుగున వెళ్లాను. కొత్త మిరప దిగే రోజులు. సంచులు వరసలో ఉన్నాయి, ఆడవాళ్లు గోడ వారన కూర్చున్నారు. గిర్నీ చప్పుడుకు ఎవరి మాటా వినపడటం లేదు. డాక్టరు తెల్లచొక్కా మీద కారం పడకుండా గుమ్మంలో నిలబడి, ఆమెకు వినపడాలని గొంతు చించుకుంటున్నాడు. పాపం ఆమె, ఎవరో పెద్దసారు ఏదో చెబుతున్నాడని మర్యాదకు మోటారు బందు చేసింది. ఆయన గొంతు తగ్గించలేదు.

"మీకు టీబీ వచ్చిన సంగతి ఎవరికీ తెలియకుండా చూసే బాధ్యత మాదమ్మా!"

మోటారు ఆగిన గిర్నీలో ఆ మాట చివరి సంచి దాకా వినపడింది. ఆమె ఆయన్ని చూడలేదు. వరసలో ఉన్న ఆడవాళ్లను చూసింది. డాక్టరు ఒక కాగితం తీసి సంతకం అడిగాడు. ఆమె పెట్టింది. ఆ క్షణంలో ఏమిచ్చినా పెట్టేదే. జీపు వెళ్లిపోయాక ఒకామె లేచి తన సంచి తీసుకుంది. మళ్లీ వస్తానని చెప్పింది. తర్వాత ఇంకొకామె. ఎవరూ ఒక్క పరుషమైన మాట అనలేదు. ఇంటి దగ్గర పని ఉందన్నారు, పిల్లలొచ్చే వేళైందన్నారు. అప్పటికే మరలో మిరపకాయలు పోసి ఉన్న ముసలమ్మ వాటిని వదిలేసి వెళ్లింది. జబ్బు నయమైందని, ఇప్పుడు అంటదని నేను గుమ్మంలో నిలబడి అందరికీ చెప్పాను. సారుకేం పోతది అన్నట్టు చూసి పోయారు.

ఆ వారం నుంచి ఊరి సంచులు బస్సెక్కి కొత్తగూడెం పోవడం మొదలైంది.

తర్వాతి సమావేశంలో నేను శాలువా కప్పించుకోలేదు. నేను లేచేలోపే కంప్యూటర్ నిపుణుడు గత సమావేశం తర్వాత జరిగిన పనులు చదివాడు. రోగుల ప్రతినిధి సూచన మేరకు రోగిని స్వయంగా కలిసి, గోప్యతపై హామీ ఇచ్చి, అంగీకారం తీసుకున్నారట. అందరూ చప్పట్లు కొట్టారు. నాయకుడు కునుకులో నుంచి ఉలిక్కిపడి లేచి ఆయనా కొట్టాడు. జరిగిందంతా చెప్పాను. గిర్నీ మూతపడేట్టుందని చెప్పాను. డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుని, నిజంగానే బాధపడ్డాడు. ఆ బాధలోనే ఆయనకు ఒక ఆలోచన తట్టింది.

"ఆమెకిప్పుడు ఖాళీయే కదా మాస్టారూ. మండలిలోకి తీసుకుందాం. ఆమెకంటే మంచి ప్రతినిధి ఎవరు దొరుకుతారు?"

వెటకారం కాదు. మనసారా అన్నాడు. వెటకారమైతే ఆ మనిషిని కొంచెమైనా గౌరవించేవాణ్ని. నేను లేచి వచ్చేశాను, మళ్లీ ఆ లాడ్జి మెట్లు ఎక్కలేదు.

ఊరికి వచ్చాక జొన్నల సంచి భుజాన వేసుకుని గిర్నీకి వెళ్లాను. ఆపా గడప మీద కూర్చుని ఉంది. డాక్టరు మండలిలోకి పిలుస్తున్న సంగతి చెప్పాను. ఆమెను అడగకుండా నేనే వద్దంటే అదీ వాళ్లు చేసిన పనిలాంటిదే అవుతుందనిపించింది. అక్కడ ఏం చేస్తారని అడిగింది. రోగుల సంగతులు ఎలా దాచాలో మాట్లాడతారని చెప్పాను. ఆమె నా సంచి అందుకుంది. లేచి మోటారు వేసింది. పిండి పట్టి, సంచి మూతి కట్టి నా చేతికిచ్చింది.

"ఇంట్ల చెప్పకు సారూ, ఏడ పట్టిచ్చినవో. తినరు."

మా ఇంట్లో అలాంటివి లేవని గట్టిగా అన్నాను. ఇంటికి వెళ్లి, కావాలనే, గిర్నీ ఆపా దగ్గర పట్టించానని చెప్పాను. నా జబ్బు రోజుల్లో నెలల తరబడి నా ఎంగిలి కంచం కడిగిన నా భార్య, ఆ సంచిని తీసుకెళ్లి పశువుల కొట్టంలో దాణా పక్కన పెట్టింది.