కొసరు నిమిషాలు

తూనికలు, కొలతల శాఖలో ఇరవై ఆరేళ్ళుగా ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తున్న ఆ పెద్దమనిషిని వీధిలో అందరూ సరితూకం సారు అనేవాళ్ళు. ముఖం మీద కాదులెండి, వెనకాల. ఆయనకా సంగతి తెలుసు. తెలిసి, లోలోపల పొంగిపోయేవాడు.

ఆయన లంచం తీసుకోడు. అదేమంత వింత కాదు, తీసుకోనివాళ్ళు ఆ ఆఫీసులో ఇంకా ఒకరిద్దరున్నారు. ఆయన కొసరు కూడా తీసుకోడు. అదీ వింత. కూరలబండి ఆవిడ కిలో వంకాయలు తూచి, పోనీలే పాపమని ఇంకొకటి పైన పడేస్తే, ఆ ఒక్కటీ ఏరి మళ్ళీ బండి మీద పెట్టేవాడు. "ఎక్కువ తూచినా తప్పుడు తూకమే తల్లీ" అనేవాడు. వెనక నిలబడ్డ భార్య తల పట్టుకునేది. ఆవిడ ఒక్కతే బండి దగ్గరికి వెళ్ళిన రోజు కథ వేరు. "ఇంకాస్త వెయ్యి" అననిదే సంచీ మూసేది కాదు.

ఇంట్లో గోడ గడియారాన్ని రోజూ పొద్దున రేడియో చెప్పే టైముతో సరిచేసేవాడు. టీలో వేసే చక్కెరని చెంచా మీద వేలితో గీసి చదును చేసేవాడు, చుట్టాలొచ్చినా సరే. ఆ ఇంట్లో టీ తాగినవాళ్ళు అది తియ్యగా ఉందనీ చెప్పలేకపోయేవాళ్ళు, చప్పగా ఉందనీ చెప్పలేకపోయేవాళ్ళు. అలాంటి మనిషితో ఆవిడ అన్నేళ్ళు ఎలా వేగిందో ఆవిడకే తెలియాలి.

ఆవిడ ఆసుపత్రిలో హెడ్ నర్సు. నలభై మంచాల వార్డు ఆవిడ కనుసన్నల్లో నడిచేది. మంచానికొకటి చొప్పున నలభై గొంతులు రోజంతా "సిస్టర్, సిస్టర్" అని పిలిచేవి. ఇంటికొస్తే, వేలు తెగినవాళ్ళూ జలుబు చేసినవాళ్ళూ "సిస్టరుగారూ" అంటూ గుమ్మంలో నిలబడేవాళ్ళు. సాయంత్రం ఏడింటికి మాత్రం ఆవిడ తలుపేసుకుని టీవీ ముందు కూర్చునేది. రైల్వే స్టేషన్లో చెయ్యి వదిలిపోయిన కూతుర్ని వెతుక్కుంటూ తిరిగే తల్లి కథ, ఆ ఏడింటి సీరియల్. తొమ్మిదేళ్ళుగా వెతుకుతోంది.

"ఒక్కసారి పోలీస్ స్టేషన్‌కి వెళ్తే మొదటి వారంలోనే తేలిపోయేది" అనేవాడు ఇన్‌స్పెక్టరు పేపరు చాటు నుంచి.

"మీరు పేపరు చదువుకోండి" అనేది ఆవిడ.

ఆయన చదువుకునేవాడు. కాకపోతే ఆ అరగంటలో ఒక్క పేజీ తిప్పిన దాఖలా లేదు.

సీరియల్ ఇంకో మూడు వారాల్లో ముగుస్తుందని టీవీలో చెప్పారో లేదో, ఆసుపత్రిలో డ్యూటీలు మారాయి. ఆవిడకి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఎనిమిది దాకా పడింది. మార్పించుకుందామంటే చేతికింద నర్సులందరూ చంటిపిల్లల తల్లులు. అడగడానికి నోరు రాలేదు. రెండు రోజులు ఆగి, మూడో రోజు టీ అందిస్తూ అడిగింది.

"ఏమండీ, ఇన్నేళ్ళలో నేను మిమ్మల్ని ఇది కావాలని ఎప్పుడైనా అడిగానా?"

ఆయన జాగ్రత్తపడ్డాడు. ఆ ప్రశ్నకి ఏం జవాబు చెబితే క్షేమమో ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకింకా తేలలేదు.

"రోజూ చూడలేకపోయినా పర్లేదు. ఆఖరి రోజుది మాత్రం చూడాలి. రోజు మొత్తంలో ఆ అరగంటే నన్నెవరూ సిస్టర్ అని పిలవనిది. తొమ్మిదేళ్ళు దాని మీదే నెట్టుకొచ్చాను. ఆ పిల్ల దొరికిందో లేదో నా కళ్ళతో నేను చూడాలండీ."

ఆవిడ గొంతు కాస్త వణికింది. నలభై మంచాల మధ్య ఎన్నడూ వణకని గొంతు అది. ఇన్‌స్పెక్టరు టీ కప్పు కింద పెట్టాడు.

"చూపిస్తా" అన్నాడు.

ఇప్పుడంటే తప్పిపోయిన ఎపిసోడ్‌ని ఎవరి ఫోన్లో వాళ్ళు చూసుకుంటున్నారు. అప్పట్లో ఫోన్ మాట్లాడుకోవడానికే. టీవీలో ఒకసారి వెళ్ళిపోయిందంటే వెళ్ళిపోయినట్టే. అయితే క్యాసెట్టూ గీసెట్టూ లేకుండా కార్యక్రమాల్ని తన పొట్టలోనే దాచుకునే రికార్డర్లు అప్పుడప్పుడే దుకాణాల్లోకి వస్తున్నాయి. ఆవిడ తమ్ముడిది టీవీల దుకాణమే. ఫోన్ చేసిన గంటకి నల్ల పెట్టె ఒకటి చంకలో పెట్టుకుని దిగాడు.

"బావగారూ, కళ్ళు మూసుకుని తీసుకోండి."

"కళ్ళు మూసుకుని తీసుకునేవాళ్ళు ఉండబట్టే మా డిపార్ట్‌మెంట్ నడుస్తోంది. ఇంకేముంది నీ దగ్గర?"

"వెండిరంగుది ఇంకోటుంది. అదీ మంచిదే."

"రెండింట్లో ఏది మంచిది?"

"రెండూ మంచివే బావగారూ."

"ఈ జవాబు చెప్పిన దుకాణాలన్నిట్లో నేను కేసులు రాశాను. రెండూ పట్రా. పరీక్షిస్తా."

"అక్కా!" అన్నాడు తమ్ముడు దీనంగా.

"తెచ్చి పడెయ్యరా" అంది అక్క. "లేకపోతే రోజూ నీ కొట్టుకొచ్చి కూర్చుంటారు."

ఆ మర్నాటి నుంచి ముందుగదికి పట్టిన గతి ఇంతా అంతా కాదు. టీవీకి అటు నల్లది, ఇటు వెండిది. మధ్యలో స్టూలు, స్టూలు మీద రిజిస్టరు, రిజిస్టరు మీద స్టాప్‌వాచీ. రిమోట్‌లు మారిపోకుండా ఒకదానికి ఎర్ర దారం, ఇంకోదానికి పచ్చ దారం కట్టాడు. పెట్టెల వెనక తీగలకి ఆఫీసు సీసం ముద్ర కూడా వెయ్యబోతుంటే బావమరిది రెండు చేతులూ పట్టుకుని ఆపాడు. బటన్ నొక్కిన ఎన్ని సెకన్లకి బొమ్మ కదిలింది, వెనక్కి తిప్పితే ఎక్కడ ఆగింది, సౌండు ముందొచ్చిందా పెదవి ముందు కదిలిందా, అన్నీ రిజిస్టరుకి ఎక్కాయి. నల్లది తొందరగా మేలుకుంటుంది, కానీ గుర్రుమని చప్పుడు చేస్తుంది. వెండిది నిశ్శబ్దంగా ఉంటుంది, కానీ లేవదీయాలంటే పెళ్ళికొడుకుని బతిమాలినట్టు బతిమాలాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష వెండిదాని అట్టపెట్టె మీద ఉంది. "రెండు వందల గంటలు పడుతుంది" అని పెద్దక్షరాలతో అచ్చేశారు. రెండు వందల గంటలంటే రెండు వందల గంటలు నింపి చూడాల్సిందే. నింపాడు. వాతావరణం, పశువుల పెంపకం, వయోజన విద్య, నడుము తగ్గించే బెల్టు గురించి ఇద్దరు విదేశీయులు ఆపకుండా ఆశ్చర్యపోయే ప్రకటన, ఏదొస్తే అది. పైగా ప్రతి రికార్డింగునీ చెరపడానికి వీల్లేకుండా లాక్ చేశాడు.

"ఆ బెల్టువాళ్ళనైనా తీసెయ్యకూడదూ?" అంది భార్య.

"కేసు తేలేదాకా సాక్ష్యం చెరపకూడదు."

ఆవిడ రోజూ రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, ఆ రోజు సీరియల్‌ని నల్లదాంట్లో చూసుకునేది. ఆయన స్టాప్‌వాచీ పట్టుకుని పక్కనే కూర్చునేవాడు. ఒకరోజు అవతల సీరియల్ కాస్త ఆలస్యంగా మొదలైనట్టుంది, ఇక్కడ చివరి మాట సగంలో తెగిపోయింది. ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసింది. ఆదివారం వచ్చి వాడు చూపించాడు.

"దీనికి సెట్టింగ్ ఉంది బావగారూ. ముందో ఐదు నిమిషాలు, వెనకో పది నిమిషాలు ఎక్కువ పెట్టుకుంటే ఏ బాధా ఉండదు. అందరూ పెట్టుకుంటారు."

"కొసరా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. బూతుమాట విన్నట్టు ముఖం పెట్టాడు.

"అనుకోండి."

"అక్కర్లేదు. ఏడింటికి మొదలు, ఏడున్నరకి ఆఖరు. ఛానల్ వాళ్ళు అరగంట అన్నారు, అరగంటే కొలుస్తా. వాళ్ళు ఆలస్యం చేస్తే తప్పు వాళ్ళది."

"తప్పు వాళ్ళదే, పోయేది నాది కదండీ" అంది ఆవిడ. "పెట్టండి, ఓ పది నిమిషాలు. మీ సొమ్మేం పోయింది?"

"ఎందుకు కంగారు? ఒకటి కాకపోతే రెండు పెట్టెలున్నాయి. నేనున్నాను."

ఆఖరి రోజు రానే వచ్చింది. డ్యూటీకి బయల్దేరుతూ ఆవిడ గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది. ఆయనే గోడ గడియారాన్ని రెండోసారి సరిచేసి చూపించాడు.

వెండిదాంట్లో అప్పటికి సరిగ్గా నూట తొంభై తొమ్మిదిన్నర గంటలు నిండేలా లెక్క చూసుకున్నాడు. మిగిలిన అరగంట ఆఖరి ఎపిసోడ్‌ది. అక్కడితో రెండు వందలు పూర్తి, పరీక్షా పూర్తి. ఇంత కుదురుగా కుదిరిన కేసు ఆయన ఉద్యోగంలోనే లేదు.

ఏడు కొట్టింది. నల్లదాని ఎర్ర లైటు వెలిగింది. వెండిదాని లైటు వెలగబోయి, రెండుసార్లు మిణుకుమని, ఆరిపోయింది. నిండిపోయింది! ఇన్‌స్పెక్టరు స్టూలు మీంచి లేచాడు. "దొరికాడు దొంగ!" అన్నాడు పైకే. ఎర్ర సిరాతో రాసుకున్నాడు: "ప్రకటించిన దానికన్నా అరగంట తక్కువ. రుజువైనది." ఆ తక్కువైన అరగంట ఎవరిదో ఆ సంబరంలో ఆయనకి తోచలేదు. తోచినా, నల్లది నడుస్తూనే ఉంది కదా అనుకునేవాడు.

టీవీలో మాత్రం కథ మొదలు కాలేదు. ఆఖరి రోజు కదా, నటీనటులంతా ఒక్కొక్కరే వచ్చి ప్రేక్షకులకి కృతజ్ఞతలు చెప్పుకున్నారు. దర్శకుడు ఇంకాస్త ఎక్కువ చెప్పుకున్నాడు. తర్వాత ప్రకటనలు. అసలు కంటే కొసరు ఎక్కువైంది. ఏడూ పదకొండుకి గానీ తల్లి కూతురున్న ఊళ్ళో రైలు దిగలేదు. ఇన్‌స్పెక్టరు ప్రతి నిమిషమూ రాసుకుంటూనే ఉన్నాడు. తల్లి వీధి వెతుక్కుంది, రాశాడు. ఇల్లు కనుక్కుంది, రాశాడు. మెట్లెక్కింది. తలుపు మీద చెయ్యి ఎత్తింది.

ఆ తర్వాత ఏమీ రాయలేదు.

సీరియల్ అయిపోయి, పాట అయిపోయి, వార్తలు మొదలయ్యాక ఆయన ముక్కు తుడుచుకుని నల్లదాని వైపు చూశాడు. ఎర్ర లైటు లేదు. ఎప్పుడు ఆరిందో చూడలేదు. చూడక్కర్లేదు కూడా, ఎప్పుడు ఆరిందో ఆయనకి సెకన్లతో సహా తెలుసు.

ఎనిమిదిన్నరకి ఆవిడ వచ్చింది. చెప్పులు విడవడం కూడా మర్చిపోయి సోఫా అంచున కూర్చుంది. ఆయన పచ్చదారం రిమోట్ నొక్కాడు. వెండిదాంట్లో ఇద్దరు విదేశీయులు ఒక బెల్టుని చూసి ఆశ్చర్యపోయారు. ఎర్రదారం రిమోట్ నొక్కాడు. కృతజ్ఞతలొచ్చాయి, ప్రకటనలొచ్చాయి, తల్లి రైలు దిగింది, మెట్లెక్కింది, తలుపు మీద చెయ్యి ఎత్తింది. బొమ్మ ఆగిపోయింది. "రికార్డింగ్ పూర్తయింది" అని తెర మీద పడింది.

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది.

"సరిగ్గా అరగంటేనా?" అంది.

"సరిగ్గా అరగంటే."

"ఒక్క సెకను కూడా ఎక్కువ లేదు?"

"లేదు."

ఆవిడ తలూపింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి. ఇరవై ఆరేళ్ళలో మొట్టమొదటిసారి ఇన్‌స్పెక్టరుకి తన తూకం మీద తనకే అసహ్యం వేసింది. స్టూలు మీది రిజిస్టరు తీసుకొచ్చి, ముద్దాయిలా ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ పేజీలు తిప్పింది. ఏడూ ఇరవై తొమ్మిది దాకా నిమిషానికో వాక్యం ఉంది. ఆ తర్వాత పేజీ అంతా ఖాళీ. ఆయన రిజిస్టర్లో ఆవిడ ఎప్పుడూ ఖాళీ చూడలేదు.

"ఇదేంటి, ఇక్కడ రాయలేదు?"

"చూస్తూ ఉండిపోయాను" అన్నాడు ఆయన నేల చూపులు చూస్తూ.

"మీరా?"

"తొమ్మిదేళ్ళనించీ చూస్తున్నానోయ్. పేపరు పక్కనించి."

ఆవిడ చెప్పులు విడిచి, కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది.

"అయితే చెప్పండి. దొరికిందా?"

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. కూర్చుని చెప్పలేక లేచాడు. వంటగది తలుపు వేసి, బయట నిలబడి మూడుసార్లు కొట్టి, లోపలికి పరిగెత్తి తనే తీసి, "ఎవరు కావాలమ్మా?" అన్నాడు కూతురి గొంతుతో. ఆ గొంతుకి ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. కూతురు ముందు గుర్తుపట్టలేదు. తల్లి తన చెయ్యి చాపి, "ఆ రోజు ఈ చెయ్యే వదిలేశాను తల్లీ" అంది. అక్కడ ఇన్‌స్పెక్టరు ఆగి మంచినీళ్ళు తాగాల్సొచ్చింది. మధ్యలో ఒక మాట మర్చిపోయానని మళ్ళీ మెట్ల దగ్గర్నించి మొదలుపెట్టాడు. పది నిమిషాల కథ ముప్పావుగంట పట్టింది. ఆయన గడియారం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"తర్వాత?" అంది ఆవిడ.

"తర్వాత కూతురు టీ పెట్టింది. చక్కెర కొలవకుండా వేసింది. ఇద్దరూ తలుపేసుకుని కూర్చున్నారు. ఓ అరగంట వాళ్ళనెవరూ, ఏ పేరు పెట్టీ పిలవలేదు."

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది.

"ఇది సీరియల్లో ఉందా?"

"లేదు."

"మరి?"

"కొసరు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, సోఫాలో ఆయనకి చోటిస్తూ పక్కకి జరిగింది.

"ఇంకాస్త వెయ్యండి" అంది.