మేకపాల మీద మూడు రోజుల దీక్ష

ఆ రోజుల్లో మా ఘనపూర్ సెంటర్‌లో టెంటు కింద కూర్చోనివాడు మనిషే కాదు. తెలంగాణ కోసం రోజుకో గుంపు పొద్దున్నే బంతిపూల దండలు వేసుకుని రిలే దీక్షకు కూర్చునేది, సాయంత్రం నిమ్మరసం తాగి లేచేది. ఒకరోజు ఆటోడ్రైవర్లు, ఒకరోజు టైలర్లు, ఆ తర్వాత మా టీచర్ల వంతు వచ్చింది. నేనప్పుడు ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పే పాతికేళ్ళవాణ్ని. బక్కపలచని ఒళ్ళు, దానికి నాలుగింతల నోరు. మైకు చేతికి రాగానే ఏ దయ్యం పూనిందో, "మావోళ్ళు పొద్దుగూకంగ లేస్తరు. నేను మూడు దినాలు లేవ!" అనేశాను. చప్పట్లు మోగాయి. అవి ఆగాక ఆకలి మొదలైంది. (ఉద్యమం మీద నా ప్రేమ అబద్ధం కాదు. ఆకలీ అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది.)

మర్నాడు తెల్లవారగానే నీళ్ళ బాటిల్ పట్టుకుని పొదల వైపు నడిచాను. అలా వెళ్ళేవాణ్ని ఎక్కడికని ఎవరూ అడగరు కదా. నడిచి నడిచి తండా అంచున, నాలుగు మేకలున్న ఒక అవ్వ వాకిట్లో తేలాను. "అవ్వా, జర మేకపాలు అమ్ముతవా?" అన్నాను. "అమ్ముడు లేదు బిడ్డా. ఈనిన మేక ఒక్కటే. రెండు పిల్లలాయె, వాటికే సాలుతలేవు" అంది. అప్పుడు నా నోటికి తగ్గ మాట వచ్చింది. "బడి సారునవ్వా, మా అక్క కొడుక్కు పానం బాగలేదు, మేకపాలు తాపమన్నరు."

"అగో, గట్ల చెప్పవేంది మరి! మందుకని అడిగిన పాలు మా ఇంట్ల లేవనం, పైసలు ముట్టం" అంటూ ఆమె ఒక మేకపిల్లను గంప కింద మూసి పాలు పితకడానికి కూర్చుంది. పితికినంతసేపూ గంప కింద అది అరుస్తూనే ఉంది. కడిగిన మందుసీసాలో నురుగుతో సహా పోసి, "కాగబెట్టి తాపు. మేక అన్ని ఆకులు మేస్తది, దాని పాలే మందు" అని చెప్పింది.

ఆ జబ్బు మేనల్లుడు పత్తిచేను గట్టు మీదే పచ్చిపాలు గటగటా తాగేశాడు. వెచ్చగా, కాస్త మేక వాసనతో, అమృతంలా ఉన్నాయి. పాలు అన్నం కిందికి రావని లెక్కల మాస్టారుగా నాకు నేనే రుజువు చేసుకున్నాను. రెండో పొద్దూ అదే పని చేశాను గానీ, ఆ పాలు కడుపులో నిలవలేదు. మధ్యాహ్నానికి ఆరుసార్లు పొదల వైపు పరుగెత్తాను. "అయ్యో, సారు ఎంత నీరసపడ్డడో!" అని ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఇక ఇద్దరు మనుషులు నా పక్కనే కాపలా ఉండిపోయారు. దాంతో మూడో పొద్దు తండాకు వెళ్ళడం కుదరలేదు.

ఆ పొద్దే దీక్ష విరమణ. సెంటర్ నిండా జనం. మా హెడ్మాస్టరు నిమ్మరసం గ్లాసు పట్టుకుని, మైకు ముందు నన్ను ఆకాశానికెత్తుతున్నాడు. ఇంతలో జనాన్ని తోసుకుంటూ అవ్వ వచ్చింది. ఒక చేతిలో మందుసీసా, ఇంకో చంకలో మేకపిల్ల.

"ఏం సారూ, ఇయ్యాల రాకపోతివి? పోరనికి ఎక్కువైందా ఏంది? పరేషానయి నేనే తెచ్చిన. బడి కాడ అడిగితే ఈడున్నవన్నరు. దీని వంతు పాలే పోస్తున్న గద, డొక్కలు అంటుకపోయినయి. ఇడిసిపెట్టి రాబుద్ధి కాలే."

"ఏ పోరడు?" అన్నాడు హెడ్మాస్టరు.

"సారు అక్క కొడుకు. రెండు దినాలాయె, పాలు తీస్కపోతుండు."

హెడ్మాస్టరు నా వైపు తిరిగాడు. "నీకు అక్కేడిది? ఒక్కగానొక్క కొడుకువైతివి."

మైకు ఆపలేదు. ఆ ప్రశ్న బస్టాండు దాకా వినిపించింది. నేను తల దించుకున్నాను. దించిన మెడలోని బంతిపూల దండ మేకపిల్లకు అందింది, అది కరకరా నమలడం మొదలుపెట్టింది. ఎవరో కిసుక్కుమన్నారు, ఆపైన సెంటరంతా పగలబడి నవ్వింది. అవ్వ ఒక్కతే నవ్వలేదు. దండనూ గ్లాసునూ నా మొహాన్నీ చూసి, మెల్లగా అంది.

"ఆకలైతుందంటే పొయ్యనా బిడ్డా? లేని పోరనికి రోగమెందుకు పెట్టినవ్?"

సీసా నా చేతిలో పెట్టి, "నువ్వే తాపు దీనికి" అంది. అంతమంది ముందు, టెంటు కింద కూర్చుని తాపాను. ఏం చేయాలో తోచక హెడ్మాస్టరు నిమ్మరసం తనే తాగేశాడు. నిజం చెప్పొద్దూ, ఆ మూడు రోజులూ ఆ టెంటు పేరు మీద పస్తున్నది ఆ మేకపిల్లే. దీక్ష విరమణ కూడా న్యాయంగా దానికే జరిగింది.

తెలంగాణ వచ్చింది. నేను జనగామకు వచ్చి స్థిరపడ్డాను. అవ్వ దగ్గరికి వెళ్ళి తప్పైందని చెప్పుకోవాలని ఎన్నిసార్లో బస్సెక్కబోయి, సిగ్గుతో ఆగిపోయాను. ఇప్పుడు ఏ సభలోనైనా ఉద్యమకారుడని దండ వేయబోతే, మెడ వంచకుండా చేత్తో అందుకుంటాను. వినయం అనుకుంటారు, అనుకోనిస్తాను. (పాత అలవాటు ఎక్కడికి పోతుంది?) ఇంటికి వెళ్ళే దారిలో మేకలు కనబడితే ఆ దండ వాటి ముందు వేసి, తినేదాకా నిలబడి, నాలో నేనే నవ్వుకుని వస్తాను.