సర్వర్లకు బొట్టు పెట్టినందుకు

రాతలో తప్పులుంటే మన్నించండి, ఐదో తరగతితో బడి మానినదాన్ని.

ఆదోనిలో మా పత్తి మిల్లుంది. బండ్ల తూకాలు నమోదు చేసే వర్చువల్ మెషిన్, అంటే కంప్యూటర్ లోపల నడిచే కంప్యూటర్, అక్కడ రెండు సర్వర్లలో జంటగా నడుస్తుంది. ఒకటి ఆగిపోయినా రెండోది పని ఆగనివ్వదు. ఈ రోజు పొద్దున ఆ జంట కుదరలేదు. నిన్న శుక్రవారం పూజలో రెండింటికీ బొట్టు పెట్టింది నేనే.

"ఏం పూసినావే వాటికి? ఇంగ మిల్లులో అడుగు పెట్టొద్దు!" అని అత్త కూలీల ముందే అరిచింది.

"వదినె బొట్టుకు సర్వరే పడిపాయె," అని మరిది నవ్వాడు.

మధ్యాహ్నం ఎమ్మిగనూరు నుంచి కంప్యూటర్లు బాగుచేసే అతను వచ్చి చూశాడు. "ప్రాసెసర్‌లో హైపర్‌థ్రెడింగ్ అని ఒక సెట్టింగు ఉంటాది. ఒకదాంట్లో ఆన్, ఇంకోదాంట్లో ఆఫ్ ఉంటే జంట కుదరదు. ఎవురప్పా ఆపింది?"

మరిది గోడవైపు చూశాడు. ఒక సర్వర్ వేడెక్కుతోందని నిన్న సాయంత్రం దాంట్లో ఆ సెట్టింగు తనే ఆపాడట.

"పిల్లోడు తెలీక చేసినాడు. నువ్వు పోయి టీ పెట్టు," అంది అత్త నాతో.

టీ పెట్టాను, మరిదికి తప్ప అందరికీ ఇచ్చాను. వచ్చే శుక్రవారం సర్వర్లకు బొట్టు నువ్వే పెట్టమని కుంకుమ గిన్నె అతని చేతికే ఇస్తాను. మీరైతే ఏం చేస్తారు? చెప్పి, ఈ మెసేజి మీ ఫోన్లో ఉంచకుండా తీసేయండి. అత్త కంట పడితే నా పని అంతే.